కోతిపిల్ల తాగిన పాలు

నేను ఒక కోతిపిల్ల మీద అసూయపడ్డాను. బతికున్నదైనా కాదు. బేతంచెర్ల దగ్గరి సున్నపురాయి గుహల్లో, ఎర్రమట్టి కింద వేల ఏళ్లుగా పడి ఉన్న పిల్ల. ఆ జాతే ఇప్పుడు భూమ్మీద లేదు. మాకు దొరికింది కింది దవడలో సగం, అందులో నిలిచిన ఒక దవడపన్ను.

కర్నూలులో ఒక చిన్న ల్యాబులో నేను చేసే పని ఇదే. అంతరించిపోయిన కోతులు ఎన్నాళ్లు తల్లిని అంటిపెట్టుకున్నాయి, ఎప్పుడు ఎదిగాయి, ఎప్పుడు చిక్కిపోయాయి అని వాటి పళ్లను అడగడం. పన్ను పెరిగేటప్పుడు లోపల సన్నని గీతలు పడతాయి. పుట్టుక దగ్గర ఒక ముదురు గీత ఉంటుంది, అక్కణ్ణించి రోజులు లెక్కపెట్టుకోవచ్చు. పిల్ల పాలు తాగినన్నాళ్లూ బేరియం అనే పదార్థం పన్నులో ఎక్కువగా చేరుతుంది, మానేస్తే తగ్గుతుంది. పన్నును పల్చటి రేకులా కోసి ఆ గీతల వెంట బేరియం కొలిస్తే, ఆ పిల్ల పసితనం వరసగా బయటపడుతుంది.

మా కోతిపిల్ల లెక్క వచ్చిన రోజు అందరూ సంబరపడ్డారు. అది పాలు మానింది. తర్వాత ఒక గడ్డుకాలంలో, తిండి దొరకలేదేమో, మళ్లీ పాలు తాగింది. మళ్లీ మానింది, మరో గడ్డుకాలంలో మళ్లీ తల్లి రొమ్ము చేరింది. తల్లి దాన్ని తోసేయలేదు. స్క్రీన్ మీద ఆ గీత తగ్గి, లేచి, తగ్గి, మళ్లీ లేవడం చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. దీనికెంత రాసిపెట్టి ఉంది అనుకున్నాను. నాతో పనిచేసే ప్రొద్దుటూరు అబ్బాయి నా మొహం చూసి, కోతిపిల్లను చూసి కుళ్లుకునే మనిషిని మిమ్మల్నే చూస్తాండా అక్కా అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మాది కోసిగి పక్కన ఒక ఊరు. వానలు మొహం చాటేసిన ఏడు మావాళ్లు సుగ్గికి పోతారు, అంటే ఇళ్లకు తాళాలేసుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. పాలు తాగే పిల్లలు తల్లి చంకనెక్కి పోతారు. పాలు మానిన పిల్లలు అవ్వల దగ్గర ఉండిపోతారు. అందుకే సుగ్గి దగ్గర పడేసరికి మా ఊళ్లో తల్లులు వేపాకు నూరి రొమ్ముకు రాసుకునేవారు. చేదు తగిలి పిల్ల ఉమ్మేస్తుంది, నాలుగు రోజులు ఏడుస్తుంది, ఆ తర్వాత వదిలేసి పోవచ్చు.

అలా నాతో పాలు మాన్పించడానికి వేపాకు రాసుకుంది అమ్మ. అప్పుడు నాకు మూడో ఏడు నడుస్తోంది, చెల్లెలు చేతుల్లో పసిగుడ్డు. ఇద్దరికీ పాలు ఇచ్చేదే, కానీ చంక ఒకటే. చెల్లెలు అమ్మ చంకనెక్కి సుగ్గికి పోయింది, నేను మా నాయన తల్లి దగ్గర ఉండిపోయాను. ఇవేవీ నాకు గుర్తుండి చెప్పడం లేదు, వినీ వినీ నావైపోయాయి. చెల్లెలు ఇప్పటికీ, నేను నీకంటే ముందు రైలెక్కినా అని ఎగతాళి చేస్తుంది. ఇప్పటికీ అమ్మ ఒళ్లో తల పెట్టుకుని టీవీ చూస్తుంది. నేను పక్కన కుర్చీలో కూర్చుంటాను.

పోయిన ఏడు నాకు పుచ్చిపోయిన దవడపన్ను పీకించాల్సి వచ్చింది. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా లోపల్లోపల తయారయ్యే పన్ను అది. డాక్టరును అడిగి తెచ్చుకుని దాచిపెట్టాను, ఎందుకో అప్పుడు తెలియదు. కోతిపిల్ల లెక్క వచ్చాక తెలిసింది. నా పన్నునూ కోశాను, కొలతకు పంపాను. లెక్క వచ్చింది. బేరియం నిండుగా సాగి, ఒక్కచోట దబ్బున పడిపోయింది. మళ్లీ లేవలేదు. అమ్మ సుగ్గి నుంచి తిరిగొచ్చాక చెల్లెలికి ఇంకా పాలిస్తూనే ఉంది. నాకు ఒక్కసారీ ఇవ్వలేదు. ఇన్నేళ్ల నా అనుమానానికి సాక్ష్యం దొరికినందుకు నాకు ఏడుపుతో పాటు ఒక రకమైన సంతోషం కూడా కలిగింది.

కంటి పరీక్షకు అమ్మ కర్నూలు వచ్చినప్పుడు ఆగలేకపోయాను. ఆమె వరండాలో చెనక్కాయలు ఒలుస్తోంది. రెండు బొమ్మలూ ఫోనులో పక్కపక్కన పెట్టి చూపించాను. ఇది కోతి పన్ను, ఇది నాది, ఇక్కడ నీ పాలు ఆగిపోయాయి అని వేలు పెట్టి చెప్పాను. చెల్లెలి సంగతి కూడా ఎత్తాను. చివరికి అనేశాను.

"కోతి గూడా బిడ్డను మళ్లా దగ్గరికి తీసుకునిందమ్మా. నువ్వు తీసుకోలా."

అమ్మ ఫోను వైపు సరిగ్గా చూడనే లేదు. గుప్పెట్లో ఉన్న కాయలు ఒలవడం అయ్యాక మాట్లాడింది.

"సుగ్గి నుంచి వస్తూనే ముందు నిన్నే పిలిస్తి. చెల్లెల్ని కింద పండబెట్టి, కొంగు తీసి పిలిస్తి. నువ్వు మీ అవ్వ ఎనకాల దాక్కొని, ఈమె ఎవురవ్వా అని అడిగితివి."

పాలు ఎక్కడ ఆగాయో పన్ను చెప్పింది. మొహం తిప్పుకున్నది ఎవరో దానికి తెలియదు. మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. అమ్మ పొట్టు చాటలోంచి దులిపేస్తూ, అవ్వ ఇప్పుడే గడప దాటి పోయినంత కోపంగా జవాబిచ్చింది.

"ఏం జెప్పేది? మీ అవ్వని చూస్తే కడుపు రగిలిపోయేది నాకు. ఆమె సచ్చిపోయినాంక గూడా ఆ మంట తీరలా. నా బిడ్డను తీసుకునె ఆమె. వారం దినాలు పిలిస్తి నిన్ను, నీకని ఒక పక్క పాలు చెల్లెలికి ఇయ్యకుండా పెడితే గడ్డకట్టి జరం గూడా వచ్చె. ఇప్పుడొచ్చి అడుగుతాండావు. ఆ పొద్దు వచ్చింటే ఇచ్చింటి గదా."