నాలుగో స్వరం

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. కొడవలూరు దగ్గర ఒక రైస్ మిల్లులో ధాన్యం తేమ చూసే పని నాది. గింజ కొరికి చూసి పదిహేడు శాతం అని తెలిసినా, మీటరు పెట్టి చూడందే కాగితం మీద రాయను. ఇక్కడ కూడా లెక్కకు అందినవే రాస్తున్నాను.

ఆదివారాలు మా ఊరి చర్చిలో కీబోర్డు వాయిస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, మెట్లు లెక్కపెట్టుకుంటూ పట్టుకున్న విద్య. నాకు వచ్చింది తెల్ల మెట్ల మీద ఒకే ఒక వరుస. పాడేవాళ్ల శ్రుతి మారితే నా చేతులు మారవు, ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుతాను. మైనస్ నాలుగు అని పెడితే కీబోర్డు మొత్తం నాలుగు మెట్లు కిందికి దిగి పలుకుతుంది.

మా సంఘంలో పెద్దగొంతు మరియమ్మక్కది. నన్ను చూసి నవ్వేది. "మా తమ్ముడికి ఉండేది ఒకటే ఇల్లు. యాడికి బోయినా దాన్నే నెత్తిన బెట్టుకోని పోతాడు" అనేది.

ఎవరు పాట ఎత్తుకుంటే ఏ అంకె పెట్టాలో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఇరవై మూడు పేర్లు. మైనస్ అయిదు నుంచి ప్లస్ నాలుగు దాకా అంకెలు. మరియమ్మక్కది మైనస్ నాలుగు. ఆ అంకె ఇంకెవరికీ లేదు. మా ఆవిడ సలోమిది మైనస్ మూడు. అదీ ఆమె ఒక్కదానిదే.

పోయిన ఏడాది ఒక శనివారం మధ్యాహ్నం, చర్చిలో ఎవరూ లేనప్పుడు, ప్రార్థన ముందు వాయించడానికి కొత్త లేయర్ కట్టాను. అంటే ఒక మెట్టు నొక్కితే మూడు వాయిద్యాలు ఒకేసారి పలకాలి. వయొలిన్లు ఉన్న మెట్టు మీదే, కోరస్ గొంతు ఏడు మెట్లు పైన, ఫ్లూటు పన్నెండు మెట్లు పైన. ట్రాన్స్‌పోజ్ సున్నాలో పెట్టి సా నొక్కి పట్టుకున్నాను.

నాలుగు వినిపించాయి.

మళ్లీ నొక్కాను. నాలుగే. ఒక్కో వాయిద్యాన్నీ ఆపుతూ వచ్చాను. మూడూ ఆపేశాక కూడా ఒకటి మిగిలింది. ఎవరో నోరు మూసుకుని సన్నగా రాగం తీస్తున్నట్టు ఉంది. నేను మెట్టు మీద నుంచి వేలు తీస్తే ఆగుతోంది, పెడితే వస్తోంది.

మెట్లు లెక్కపెట్టి చూశాను. సా కంటే నాలుగు మెట్లు కింద. మళ్లీ మూడు వాయిద్యాలూ పెట్టి, ట్రాన్స్‌పోజ్ అయిదు మెట్లు పైకి జరిపాను. మూడూ జరిగాయి. నాలుగోది ఉన్నచోటే ఉంది.

యంత్రం తప్పు చేస్తే నాలుగూ కలిసే జరగాలి. అందుకే తేదీ వేసి నోటుబుక్కు చివరి పేజీలో రాసి పెట్టాను. మైనస్ నాలుగు అని రాస్తున్నప్పుడు మరియమ్మక్క పేరు గుర్తొచ్చింది. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

మర్నాడు ఆమె ఎప్పటిలాగే పాడింది. గురువారం నెల్లూరు ఆసుపత్రిలో గుండె ఆగి చనిపోయింది. భూస్థాపన రోజు వాయించినప్పుడు మూడు స్వరాలే పలికాయి.

ఇరవై మూడు పేర్లకు పది అంకెలు. ఏ అంకె వినిపించినా అది ఎవరిదో ఒకరిది అయి తీరుతుంది. నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను. ఆ లెక్కలో ఇప్పటికీ తప్పు కనబడదు.

మూడు నెలలకు, ఒక ఆదివారం ఆరాధన మొదలు కాకముందు, నాలుగోది మళ్లీ వచ్చింది. లెక్కపెట్టాను. మైనస్ మూడు.

సలోమి ఆడవాళ్ల వైపు మొదటి వరుసలో కూర్చుని చీర చెంగు సర్దుకుంటోంది. ఆ వేళ పాట ఎత్తుకోవాల్సింది ఆమే. నేను బటన్ మీద వేలు పెట్టి, మైనస్ మూడు దాకా పోకుండా మైనస్ రెండు దగ్గర ఆపేశాను. ఎందుకు ఆపానో అప్పుడు నాకే తెలియదు. ఆ రాత్రి నోటుబుక్కులో ఆమె అంకె కొట్టేసి మైనస్ రెండు అని రాశాను.

ఇంట్లో ఆమె గొంతు పట్టుకుని అడిగింది. "ఏందయ్యా, అంత పైన బెట్టినావు? గొంతు చించుకోమంటావా?"

అలవాటైతే బాగుంటుందని చెప్పాను. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆమెకు నేను చెప్పిన తప్పు లెక్క అదొక్కటే.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆమె మైనస్ రెండులో పాడింది. నాలుగో స్వరం మైనస్ మూడులోనే ఉండిపోయింది. ఆమె గొంతుకు ఒక్క మెట్టు కింద. పక్కపక్క మెట్లు రెండూ కలిపి నొక్కితే ఎంత గరగరగా ఉంటుందో వాయించేవాళ్లకు తెలుసు. ఆ గరగర పాట పొడుగునా ఉండేది.

నెల్లూరులో కీబోర్డులు బాగుచేసే అతను మొత్తం విప్పి చూశాడు. సముద్రపు గాలికి లోపల తుప్పు పట్టిందని శుభ్రం చేసి, మెట్ల కింద రబ్బర్లు మార్చాడు. అతని షాపులో మూడే పలికాయి. చర్చిలో నాలుగు.

నా చెవుల దోషం అనుకుందును. కానీ ఒకరోజు పాట మధ్యలో పాస్టరుగారు చెయ్యెత్తి ఆపారు. "ఎవరమ్మా ఆ కింది శ్రుతిలో తీస్తున్నది? సలోమమ్మతో కలవండి" అన్నారు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నేనని చెప్పలేదు. నేను పాట మొదటి నుంచి మళ్లీ సా ఇచ్చాను.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. సలోమికి జలుబు తప్ప ఏ జబ్బూ రాలేదు.

పోయిన ఆదివారం నేను సా ఇవ్వకముందే ఆమె పాట ఎత్తుకుంది. విసుగొచ్చినట్టుంది. తన అలవాటు శ్రుతిలో, మైనస్ మూడులో, హాయిగా పాడింది. పాట మొదలయ్యాక ఆపడానికి లేదు. బటన్ ఇంకొక్కసారి నొక్కి ఆమె వెంట వెళ్లాను.

గరగర పోయింది. ఇన్ని నెలల తర్వాత పాట అంత నిండుగా వినిపించింది. ఆరాధన అయ్యాక ఇద్దరు ముగ్గురు వచ్చి చాలా బాగుందన్నారు. సలోమి నా వైపు చూసి, "జూసినావా?" అంది.

నేను మాత్రం పాట పొడుగునా లెక్కపెడుతూనే ఉన్నాను. వయొలిన్లు, కోరస్, ఫ్లూటు. మూడు. నాలుగోది వెళ్లిపోయిందో, ఉందో తేల్చలేకపోయాను. ఉంటే అది పలికే చోట ఆమె గొంతు ఉంది. రెండూ ఒకే మెట్టు మీద ఉన్నప్పుడు విడదీసి లెక్కపెట్టడం నాకు రాదు.

ఇవాళ గురువారం. ఆమె పెరట్లో గిన్నెలు కడుగుతూ పాడుకుంటోంది. నేను కిటికీ దగ్గర కూర్చుని, ఆమె ఊపిరి తీసుకునే చోట పాట నిజంగా ఆగుతోందా అని వింటున్నాను.