పగార్ కాదు, మానధన్

నేను మంచి జీతం వదులుకుని, సేవ చేయాలని ఆసుపత్రిలో చేరానని కామాటిపుర గల్లీల్లో ఒక కథ నడుస్తోంది. నిరుడు నేను రిటైరైనప్పుడు దాదర్‌లో మన తెలుగువాళ్లు శాలువా కప్పి, మైకులో కూడా అదే చెప్పారు. మైకు నా చేతికిచ్చి ఉంటే అక్కడికక్కడే కాదనేదాన్ని. ఇవ్వలేదు. నా నోరు వాళ్లకు తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను సేవకు పోలేదు. పని నచ్చి పోయాను. జీతం నచ్చలేదు. ఈ రెండూ తేల్చుకునేదాకా నాకు కూర్చుంటే నిలకడ లేదు, పడుకుంటే నిద్ర లేదు.

కోవిడ్‌కు కొన్నేళ్ల ముందు మాట. ఒక ధర్మాసుపత్రిలో, పేరు అనవసరం, 'రుగ్ణ సహాయక్' అనే పని ఖాళీ పడింది. రుగ్ణ అంటే మరాఠీలో రోగి. కాగితం మీద సహాయకురాలు, చేయాల్సింది దుబాసీ పని. పాలమూరు నుంచి బిల్డింగు పనులకు వచ్చినవాళ్లు, ధారావిలో ఉండే మనవాళ్లు తెలుగులో చెప్పుకున్న బాధను డాక్టరుకు హిందీలోనో మరాఠీలోనో చెప్పాలి. డాక్టరు మాటను తిరిగి తెలుగులో చెప్పాలి. హోదా సోషల్ వర్కర్‌కు కింద, ఆయాకు పైన.

అప్పటికి నేను ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే ఒక ప్రైవేటు కంపెనీలో సీనియర్ అసిస్టెంట్‌ని. ఆసుపత్రి బిల్లు చదివి, పాలసీ కిందికి రాని ఖర్చులను కొట్టేయడం నా పని. గ్లౌజులు, దూది, పేషెంటు చెల్లెలు తాగిన టీ. బీకాం చదివి ఏళ్ల తరబడి దూది కొట్టేశాను. కానీ ఆ జీతం మీదే మా ఇల్లు నడిచేది. మా ఆయన నర్సింలు టాక్సీ నడిపేవాడు. నడుము పట్టేసి, వారంలో సగం రోజులు బండి తీయలేకపోయేవాడు. మా అమ్మాయి కవిత ఆ ఏడే ఫార్మసీలో చేరాలి. ఆ ఫీజు నా జీతంలోంచే రావాలి.

ఆసుపత్రి మేనేజరు పెద్దమనిషి, మరాఠీ ఆయన. ఆ పని అడగబోతే, ముందు ఒక పూట ఓపీడీలో కూర్చుని పని చూసుకోండి, తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. ఓపీడీ అంటే మంచం ఎక్కని రోగులను చూసి పంపే విభాగం. సరే అని కూర్చున్నాను.

మక్తల్ దిక్కు నుంచి వచ్చిన ఒక కూలీ మనిషిని పొత్తికడుపు నొప్పి అంటూ తీసుకొచ్చారు. నిండా పాతికేళ్లు ఉండవు, మొహం పాలిపోయి ఉంది. వెంట మరిది వచ్చాడు, ఆమె తరఫున హిందీ మాట్లాడటానికి. డాక్టరమ్మ చిన్నపిల్ల. ఆఖరి నెలసరి ఎప్పుడని అడిగింది. మరిది గోడ వైపు చూస్తూ, "వదినే, నెల సంగతి అడుగుతుంది" అన్నాడు. ఆమె తల వంచుకుని, "తలకు పోసుకోక రెండు నెలలాయె" అంది.

అతను దాన్ని మాటకు మాట హిందీలో పెట్టేశాడు. రెండు నెలలుగా తల కడుక్కోలేదట. డాక్టరమ్మ పెన్ను ఆపి, మీ సైటులో నీళ్లు రావా అని అడిగింది. పక్కనున్న నర్సు నవ్వింది.

అప్పటికి నాకు నోరు విప్పే అధికారం లేదు. విప్పాను. మరిదిని బయటికి పంపమని డాక్టరుతో చెప్పి, ఆమెను అడిగాను: "ముట్టు ఆగిందా అమ్మా?"

"గదే జెప్పిన గదక్కా! మరిది ముంగట ఇంకెట్ల జెప్పాలె?"

మన ఆడవాళ్లు ముట్టు తీరినాక తలకు పోసుకుంటారు. మగవాళ్ల ముందు ముట్టు మాట అనలేక తలస్నానం మాట చెబుతారు. తలకు పోసుకోలేదంటే నెల తప్పిందని. నేనది చెప్పాక డాక్టరమ్మ వెంటనే స్కానింగుకు పంపింది. గర్భం సంచిలో కాక పక్క నాళంలో నిలిచింది. అది పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు, మనిషి దక్కింది.

ఇందులో నా గొప్ప ఏమీ లేదు. మా చాల్‌లో, ఆ వరస గదుల ఇళ్లలో, ఏ ఆడదాన్ని అడిగినా ఆ మాటకు అర్థం చెబుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మేనేజరు జీతం చెప్పాడు. నాకు అప్పుడొచ్చేదానిలో సగానికి కాస్త పైన. పైగా అది పగార్ కాదట, 'మానధన్' అట. పగార్ అయితే పీఎఫ్ ఉంటుంది, ఏటా పెరుగుతుంది. మానధన్ అంటే గౌరవంగా చేతిలో పెట్టేది. అది పెరగదు, అడగకూడదు. పొద్దున మీరు చూశారు కదా అన్నాను. చూశాను తాయీ, కానీ ఈ భాష మీకు పుట్టుకతో వచ్చింది కదా, దీనికి ట్రైనింగ్ లేదు, సర్టిఫికెట్ లేదు, ఇది సేవ అన్నాడు. గొంతు కూడా పుట్టుకతోనే వస్తుంది, పాటగాడిని ఊరికే పాడమంటారా అన్నాను. ఆయన నవ్వి టీ తెప్పించాడు. నాకు ఒళ్లు మండింది.

ఇంట్లో చెప్పాను. మా అత్తమ్మ బియ్యం ఏరుతూ విని, చాట పక్కన పెట్టింది.

"ఏమంటరు దాన్ని? మానధనమా? మానం మనకాడ ఉన్నదే బిడ్డా. ధనం ఏదని అడగకపోయినవ్?"

మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. నీ ఇష్టం అంటే రేపు ఏది తప్పినా తప్పు నీదే అని. అది కూడా అక్కడే అడిగేశాను. "అయితే వద్దంటున్న, పో" అన్నాడు. "వద్దనడానికి నువ్వెవరు?" అన్నాను. "మరేం జెప్పాలె నీకు!" అని టీవీ గొంతు పెంచాడు.

కవిత మాత్రం సూటిగా అంది: "మమ్మీ, నౌకరి నీకు నచ్చింది. దానికి ఫీజు నేనెందుకు కట్టాలె?"

ఆఫీసులో బిల్లు ముందు పెట్టుకుంటే అక్షరాలు కనిపించేవి కావు. తలకు పోసుకోలేదన్న మాటే చెవిలో తిరిగేది. బస్సు మా స్టాపు దాటి పోయాక దిగి, వెనక్కి నడుస్తూ నాలో నేనే మేనేజరుతో వాదించేదాన్ని. ప్రతిసారీ గెలిచేదాన్ని. తెల్లారితే జీతం అంతే ఉండేది.

మళ్లీ వెళ్లి మేనేజరు ముందు కూర్చున్నాను. లిఫ్టు నడిపే మనిషికి ఏమిస్తారని అడిగాను. పగారే, పీఎఫ్ కూడా. ఎందుకంటే అది మంజూరైన పోస్టు అన్నాడు. నాది కూడా మంజూరు చేయించండి అన్నాను. ట్రస్టీలు ఒప్పుకోరన్నాడు. డబ్బు దగ్గర ఒక్క మెట్టు దిగలేదు. ఖర్చు లేనివన్నీ ఇచ్చాడు: ఆడ రోగి మాట్లాడేటప్పుడు ఇంటి మగవాళ్లు తెర బయట ఉండాలి, నేను అడిగిన ప్రశ్నలు కేసు పేపరులో రాయాలి, కింద నా సంతకం ఉండాలి.

చేరాను. శాలువా కప్పినవాళ్లు చెప్పని భాగం ఇది: రెండేళ్లపాటు పాత కంపెనీకే ఇంటి దగ్గర కూర్చుని సాయంత్రాలు క్లెయిములు చూశాను. పొద్దున రోగి పక్షాన నిలబడి, సాయంత్రం రోగి దూది కొట్టేశాను. కవిత చదువు ఒక ఏడాది ఆగింది. ఆ ఏడాది మెడికల్ షాపులో నిలబడింది. తర్వాత చేరింది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. ఆ ఏడాది గురించి ఇప్పటికీ నాతో మాట్లాడదు. సేవ అంటే నేను చేసిందే అయితే, అందులో సగం ఆ పిల్ల చేసింది. ఆమెకు శాలువా ఎవరూ కప్పలేదు.

దుబాసీ పనిలో నేను నేర్చుకున్నది, రోగి 'నేను' అంటే నేనూ 'నేను' అనే చెప్పాలి, అర్థం కానిది ఊహించకుండా మళ్లీ అడగాలి అని. ఉద్యోగం బేరంలో నేర్చుకున్నది వేరే. పని మనకు నచ్చిందని ఎదుటివాడు ముందే కనిపెడితే, ఆ నచ్చడాన్ని జీతంలోంచి కోసేస్తాడు. ఆ పొద్దున ఓపీడీలో నేను నోరు విప్పినప్పుడే నా ధర తేలిపోయింది. విప్పకుండా ఉండే వీలు మాత్రం లేదు.

ఇప్పుడు ఆ పనికి మా పక్క గల్లీ అమ్మాయిని పిలిచారు. పేరు స్వప్న, డిగ్రీ చదివింది. పోయిన వారం వచ్చి అడిగింది: "ఆంటీ, గదే మానధన్ అంటున్నరు. మీ ఆంటీ ఇన్నేళ్లు చేసింది గదా, నీకేంది కష్టం అంటున్నరు. ఏం జెప్పాలె?"

ఆ అమ్మాయికి జవాబు చెప్పే ముందు నాకు ఒక లెక్క తేలాలి. మేనేజరూ ట్రస్టీలూ ఎవరైనా ఇది చదివితే నాకు ఒక్కటి చెప్పండి. ఆ రోజు నేను కాదని లేచి వచ్చేసి ఉంటే, ఆ కుర్చీకి ఈపాటికి పగార్ వచ్చి ఉండేదా?