సొరుగులో ఉన్న బ్యాటరీ

ఆ మధ్యాహ్నం ట్రక్కులో నేను, నా రూమ్మేట్ నవీన్, రెండు స్లీపింగ్ బ్యాగులు, ఒక డీజిల్ హీటర్, పోపు వాసన, గోడకి ఒక అలారం ఉన్నాం. అలారం బ్యాటరీ మాత్రం సొరుగులో ఉంది. దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. ఏ శబ్దానికైనా కారణం ఉంటుందనే ఇప్పటికీ అనుకుంటాను.

ఆ ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కుని మేం ఉండే ఇర్వింగ్‌లో ఒక అమెరికన్ పెద్దావిడ దగ్గర కొన్నాం. వాళ్ళాయన దాన్ని కొండదారుల్లో తిరిగే క్యాంపర్‌గా మార్చడం మొదలుపెట్టి, మధ్యలోనే పోయారట. లోపల ఆయన బిగించింది ఒక్క అలారమే. పొగకీ మోగుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌కీ మోగుతుంది. మంచం లేదు, కిటికీ లేదు, ముందు అలారం.

"ఆయనకి ప్రతిదానికీ భయమే," అని ఆవిడ నవ్వింది. దాన్ని మాత్రం తీయొద్దని అడిగింది. సరేనన్నాం.

మిగతాదంతా వీకెండ్లలో మేమే చేశాం. గోడలకి ఇన్సులేషన్, ప్లైవుడ్ మంచాలు, స్టవ్, హీటర్. హీటర్ పొగ గొట్టం కోసం ట్రక్కు నేలకి కన్నం పెట్టింది నేనే.

మొదటి ట్రిప్‌కి న్యూ మెక్సికో కొండల్లోకి వెళ్ళాం. నవీన్ పప్పుకి పోపు పెడుతుంటే ఎండుమిర్చి ఘాటుకి అలారం అందుకుంది.

"ముందు దీని నోరు మూయించాలిరా, వెల్లుల్లి మాడిపోతోంది," అన్నాడు నవీన్. నేను లేచేలోపే బ్యాటరీ పీకి సొరుగులో పడేశాడు. అపార్ట్‌మెంట్‌లో కూడా అలారానికి ప్లాస్టిక్ కవర్ కట్టాకే మేం పోపు పెట్టేది. నాకేమీ తేడాగా అనిపించలేదు.

తిన్నాక మంచు పడటం మొదలైంది. గాలి తగలకుండా ట్రక్కుని చెట్ల చాటుకి రివర్స్ చేసి, హీటర్ వేసుకుని పడుకున్నాం. వెనకున్న మంచు కుప్పలో హీటర్ పొగ గొట్టం మూతి కూరుకుపోయింది. అది మేం చూసుకోలేదు.

అలారం మోతకి మెలకువ వచ్చింది. నాలుగు మోతలు, కాస్త ఆగి మళ్ళీ నాలుగు. తల పగిలిపోతోంది. నవీన్‌ని పిలిస్తే పలకలేదు. తలుపు తన్ని తెరిచి, చంకల కింద చేతులు వేసి అతన్ని మంచులోకి లాగాను. కాసేపటికి వాంతి చేసుకుని కళ్ళు తెరిచాడు.

"పప్పు తేడా కొట్టిందా?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది.

ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి కార్బన్ మోనాక్సైడేనని తేల్చారు. ఇంకాసేపు పడుకుని ఉంటే నవీన్ లేచేవాడు కాదని డాక్టర్ చెప్పింది.

మర్నాడు ట్రక్కు దగ్గరికి వెళ్ళి సొరుగు తెరిస్తే బ్యాటరీ చెంచాల మధ్య అలాగే ఉంది. నవీన్ అక్కడి నుంచే పెద్దావిడకి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి జరిగింది చెప్పాడు. ఇద్దరూ బాగానే ఉన్నారా అని అడిగింది.

"చెప్పాను కదా, ఆయనకి ప్రతిదానికీ భయమేనని," అంది. ఈసారి నవ్వలేదు.

విషం ఎక్కిన బుర్ర కల కని ఉండొచ్చు. నవీన్ ఏమీ వినలేదు కాబట్టి నాకు సాక్షి కూడా లేడు. కానీ పోపు పొగకి అది మూడేసి సార్లు మోగింది. కార్బన్ మోనాక్సైడ్‌కి నాలుగేసి మోగుతుందని నాకు ఆ తర్వాత దాని మాన్యువల్ చదివితేనే తెలిసింది.

అలారం విప్పి చూశాను. లోపల ఇంకో బ్యాటరీ లేదు. ట్రక్కు నుంచి దానికి వైరూ లేదు. బ్యాటరీ బిగించే చోట మల్టీమీటర్ పెట్టాను.

సున్నా వోల్టులు.