కళ్లకద్దుకున్న నల్లబట్ట

మన దేశమూ ఒక మిత్రదేశమూ కలిసి సైన్యానికి డ్రోన్లు తయారుచేసే హైదరాబాద్ కార్ఖానాలో ఆమె నా పక్క బల్ల దగ్గర పనిచేసేది. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంట్లో పుట్టిన మనిషి. అక్కా అని పిలిచేదాన్ని. డ్రోన్ రెక్కలకు వేసే నల్లటి కార్బన్ బట్టను కోయగానే మొదటి ముక్కను కళ్లకద్దుకునేది. సాంచా మీద నుంచి దించిన బట్టకు వాళ్లింట్లో ఇచ్చే మర్యాద అదేనట.

మిత్రదేశం నుంచి వచ్చిన ఇంజినీరు ఒకసారి అది చూసి, ఆ బట్ట నుంచి రాలే నూగు కళ్లకు మంచిది కాదని కోప్పడ్డాడు.

"అన్నం వెట్టే బట్ట సార్, కండ్లనేం జేస్తది?" అందామె.

నేను ఇంగ్లీషులో చెప్తే ఆయనా నవ్వేశాడు. పెద్ద కళ్లద్దాలు ఇప్పించాడు. అప్పటినుంచి అద్దాల మీదే అద్దుకునేది.

ఒకరోజు క్యాంటీన్ టీవీలో, ఆమె భర్త పనిచేసే గల్ఫ్ నగరం మీద డ్రోన్లు పడ్డాయన్న వార్త వచ్చింది. ఫోన్ కలిసి ఆయన గొంతు వినేదాకా ఆమె మెతుకు ముట్టలేదు.

"అవి మనం చేసినయి కావక్కా," అన్నాను.

"ఎవలు చేస్తేంది చెల్లె? గా బట్ట కోసినోళ్లు గూడ గిట్లనే కండ్లకద్దుకున్నరేమో."

ఆ మధ్యాహ్నం కూడా బట్ట కోసింది. చేతులు మాత్రం పైకి లేవలేదు. నెల తిరక్కుండానే సిరిసిల్ల వెళ్లిపోయింది.

కోరుట్లలో మా ఇంటికి వెళ్లి వచ్చే ప్రతిసారీ నా బస్సు సిరిసిల్ల మీదుగానే పోతుంది. సాంచాల చప్పుడు వినబడగానే కిటికీ తెరుస్తాను. అక్క మళ్లీ బట్టను కళ్లకద్దుకుంటోందో లేదో, ఆ చప్పుడును అడగాలనిపిస్తుంది.