బోసి చేతులు

హూడి వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్ళో బళేపేటలో కొన్న గాజుల పెట్టెలున్నాయి. నా బోసి చేతులు చూసి ఆవిడ ఊరుకోలేకపోయింది. మంచి మనసు, నా ఖర్మ.

“ఆడబిడ్డవి, ఇట్ల ఉండకూడదమ్మా. దుడ్డేమీ వద్దులే,” అంటూ నా చెయ్యి లాక్కుని, గాజు ఎక్కించడానికి వేళ్ళ మొదళ్ళు గట్టిగా నొక్కింది. నొప్పికి అరిచేశాను.

“కీళ్ళ జబ్బండీ. తగ్గేది కాదు.”

“పెండ్లయిందా?”

“అయింది.”

“పాపం, ఆయప్ప!” అని గాజు మళ్ళీ పెట్టెలో పెట్టేసుకుంది.

నా వేళ్ళు వంగవు కాబట్టి రోజూ నాకు జడ వేసేది మా ఆయనే. ఆ వారమే జుట్టు మెడ దాకా కత్తిరించేసుకున్నాను. చూసి “బాగుంది” అన్నాడు. ఆ మాటలో ‘హమ్మయ్య’ ఎంత ఉందోనని ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.