నీలం గొట్టం మీద కాసిన పందెం

అమెరికాకి అధ్యక్షుడు ఎవడైతే నాకేటి? ఈ ముక్క మొదటిరోజే అనేసి ఉంటే మా బావ పొద్దుటి షిఫ్టు పోయేది కాదు. అనలేదు. అనకపోగా మూడు నెలలపాటు పేపరు పట్టుకుని గొంతెత్తి చదివాను. ఇది రాస్తున్నప్పుడు నాకు చాలామంది మీద కోపం వస్తోంది. వరసలో మొదటివాణ్ణి నేనే.

బావంటే మా చెల్లెలి మొగుడు. ఇద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం. కంచిలి వైపు, జీడితోటల మధ్య మా ఊరు. ఆయనకి కిడ్నీలు రెండూ పోయాయి. మా ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ ఉలిక్కిపడరు, ఎప్పట్నించి అని మాత్రం అడుగుతారు. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. మా చెల్లెలికి మోకాళ్ళు లేవవు కాబట్టి తోడు నేను వెళ్తాను.

అక్కడ రోజుకి మూడు షిఫ్టులు. పొద్దున్న ఆరింటిది, పదకొండింటిది, సాయంత్రం నాలుగింటిది. మొదటి షిఫ్టు బంగారం. పదింటికల్లా సూదులు తీసేస్తారు, ఒంటిగంటకి ఇంట్లో ఉంటాం. మూడో షిఫ్టువాడికి ఎనిమిది దాటుతుంది. హైవే మీద బస్సు దొరికినా, దిగిన దగ్గర్నించి మా ఊరికి మూడు మైళ్ళు తోటల్లోంచి నడవాలి. చీకటి పడితే ఎలుగుబంట్లు దిగుతాయి. తెల్లారుజామునైతే మా ఊరి పాలబండి హైవే దాకా దింపుతుంది, రాత్రి అదీ లేదు. మా వీధిలో ఒకాయనకి చెంప లేదు, అది ఎలుగు చేసిన పనే. డయాలసిస్ అయిన మనిషి నీరసంతో పదడుగులకోసారి కూలబడతాడు. అలాంటివాడు ఎలుగు వస్తే పరిగెత్తగలడా?

ఆ మొదటి షిఫ్టు కోసం ఎనిమిది నెలలు కాచుకున్నాం. అందులో మంచం ఎలా ఖాళీ అవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఖాళీ అయిన రోజున మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, తీసుకున్నాం. అలా వచ్చిన షిఫ్టది.

ఇక నా చదువు. నాకు నలభై ఆరేళ్ళు వచ్చేదాకా అక్షరం ముక్క రాదు. మా అమ్మని టెక్కలి ఆసుపత్రిలో వేశారని కబురొస్తే, బస్సు మీద బోర్డు చదవలేక, అడగడానికి సిగ్గుపడి, ఎదురుగా వచ్చిన బస్సెక్కి ఇచ్ఛాపురంలో దిగినవాణ్ణి నేను. టెక్కలి చేరేసరికి అమ్మ లేదు. ఆ ఏడే రాత్రిబడిలో కూర్చున్నాను. నాకన్నా చిన్నవాళ్ళు నవ్వారు, నవ్వనిచ్చాను. అందుకే అచ్చులో ఉన్న మాటంటే నాకు దేవుడి మాటంత. బోర్డు మీద టెక్కలి అని ఉంటే బస్సు టెక్కలికే వెళ్తుంది. పేపర్లో పడిందంటే అది జరిగినట్టే. ఇన్నేళ్ళూ అదే నమ్మకంతో బతికాను.

డయాలసిస్ గదిలో నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. బావకి తోచదు. తలుపు దగ్గర స్టూలేసుకుని నేను పేపరు చదివేవాణ్ణి. పక్క మంచాలవాళ్ళూ చెవులొగ్గేవారు. అందరూ కుదురుగా ఉంటున్నారని సిస్టరమ్మ కూడా ఊరుకుంది. మన నాయకుల వార్త చదివితే మాత్రం గదంతా విసుక్కునేది, ఒకాయన అయితే దుప్పటి తలమీదికి లాక్కునేవాడు. ఈ కిడ్నీల రోగం ఎందుకొస్తోందో చూస్తామని మా నూతి నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళినవాళ్ళు ఎంతమందో లెక్క లేదు, ఇదిగో మీ నీళ్ళలో ఇదుంది అని తిరిగొచ్చి చెప్పినవాడు మా ఊళ్ళో ఒక్కడూ లేడు. ఇంకెవరికి కావాలి ఆ వార్తలు? అమెరికా ఎన్నికలు అలా కాదు. అక్కడెవడు గెలిచినా మనకి మాటిచ్చింది లేదు, తప్పేదీ లేదు. అందుకే రుచిగా ఉండేవి.

గోడమీద టీవీ ఒకటుంది. అందులో ఆ దేశం పటం రోజూ చూపించేవారు, కొన్ని రాష్ట్రాలు ఎరుపు, కొన్ని నీలం. ఇద్దరు పోటీదారుల పేర్లు మావాళ్ళ నోరు తిరగవు, నాకూ తిరగవు. కాబట్టి ఎరుపు పార్టీ, నీలం పార్టీ. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి ఈ రెండు రంగులూ కొత్త కాదు. ఒంట్లోంచి రక్తాన్ని మిషన్లోకి లాగే గొట్టానికి ఎర్ర క్లిప్పు. కడిగిన రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపేదానికి నీలం క్లిప్పు. మా బావ మొదటిరోజే తేల్చేశాడు: లాక్కునేది ఎరుపు, ఇచ్చేది నీలం, నా ఓటు నీలానికే. పెన్సిల్వేనియా అనే రాష్ట్రం మీదే అంతా ఆధారపడి ఉందని నేను చదివితే, ఒకావిడ అక్కడి నూతుల్లో నీళ్ళు బాగుంటాయా అని అడిగింది. పేపర్లో రాయలేదన్నాను.

ఎరుపు పక్షం వాడు ఒకడున్నాడు. సముద్రం ఒడ్డు ఊరి జాలరి. యాభై ఏళ్ళుంటాయి, ఒకప్పుడు మంచి కండ మనిషి. అతనిది మూడో షిఫ్టు, కానీ పొద్దున్న ఐదున్నరకే వచ్చేస్తాడు. వాళ్ళ ఊరినించి కాశీబుగ్గ మార్కెట్టుకి వచ్చే చేపల ఆటోలో ఐసు పెట్టెల మధ్య కూర్చుని వస్తాడు, వేరే బండి లేదు. సాయంత్రం దాకా బయట బల్లమీద కూర్చుని, అద్దంలోంచి టీవీ చూస్తూ, నా చదువు వింటూ ఉండేవాడు. మమ్మల్నిద్దర్నీ మావా అనేవాడు. బావని ఏడిపించడమే అతనికి కాలక్షేపం.

"మావా, ఎరుపు గొట్టం లాగకపోతే నీ నీలం గొట్టంలోకి ఏటొత్తాది, గాలా?" అనేవాడు. గదంతా నవ్వేది. సిస్టరమ్మ కూడా.

ఎన్నికలు ఇంకా పదిరోజులున్నాయనగా పేపర్లో పెద్ద అక్షరాలతో పడింది: సర్వేల్లో నీలం ముందంజ. మురిసిపోతూ చదివాను, రెండుసార్లు చదివాను. బావ మంచం మీదే మీసం దువ్వుకున్నాడు. ఆ వేడిలో పందెం మాట వచ్చింది. మా వైపు ఎన్నికలంటే పందెం ఉండాల్సిందే, కోడి దగ్గర్నించి కొబ్బరితోట దాకా కాస్తారు. జాలరి ఓడితే వారం వారం మంచి సందువా చేప తెచ్చివ్వాలి. మరి బావ ఓడితే? చేప అతనికే ఉంది, కొబ్బరికాయ అక్కర్లేదు. నీ పొద్దుటి షిఫ్టు కాయి మావా, అన్నాడు. బావ సరేనన్నాడు. సూదులు గుచ్చి ఉన్న చెయ్యి కదపకూడదు కాబట్టి రెండో చెయ్యి చాపి, లోపలికొచ్చిన అతని చేతిలో చెయ్యేశాడు.

నేను అక్కడే ఉన్నాను. ఆపలేదు. ఎందుకాపుతాను? నీలం గెలుస్తుందని నేనే కదా చదివింది.

ఇంటికెళ్ళాక మా చెల్లెలికి తెలిసింది. ఆ గుంట ఏడవలేదు, నా కేసి చూసి, చదువుకున్న బుద్ధి ఇదేనా అన్నయ్యా అంది. ఆ మాట ఇప్పటికీ దిగలేదు.

ఫలితాల రోజు మాకు పొద్దున్న, వాళ్ళకి రాత్రట. బావకి సూదులు పెట్టేసరికే టీవీలో లెక్కింపు నడుస్తోంది. మొదట ఎరుపు ఎక్కువుంటే, మన దగ్గరా పోస్టు ఓట్లు అలాగే ఉంటాయి, తరవాత మారతాయి అని నేనే ధైర్యం చెప్పాను. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. పటం ఎర్రబడుతూనే ఉంది. టీవీలో కోటు వేసుకున్నవాడు ఒక్కో రాష్ట్రాన్నీ వేలితో నొక్కుతున్నాడు. నొక్కిన ప్రతిసారీ గదిలో ఎవరో ఒకరు బావ మంచం కేసి చూస్తున్నారు. పదింటికి సూదులు తీశారు. వెళ్దాం పద అన్నాను. తేలనీ, అన్నాడు. దూది నొక్కిపట్టుకుని ఆ బల్లమీదే, జాలరి పక్కనే కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక తేలింది.

జాలరి ఎగరలేదు, నవ్వలేదు. లేచి లోపలికెళ్ళి, షిఫ్టు మార్పిడి ఏ రోజునించి రాసుకుంటారని అడిగాడు. ఇద్దరూ ఒప్పుకుంటే సోమవారం నించి అంది సిస్టరమ్మ. ఇదేమన్నా పేకాట క్లబ్బనుకున్నారా అని ఇద్దర్నీ తిట్టింది కూడా. ఆవిడ చేతిలో ఉన్నది ఆ తిట్టే. మంచాలు పెంచడం ఆవిడ చేతిలో లేదు.

నేను బావని పక్కకి లాగి, ఒప్పుకోవద్దన్నాను. రోగిష్టి మనుషుల సరదా మాటకి విలువేమిటన్నాను. ఆయన నామీద అంతెత్తున లేచాడు. పందెం ఎగ్గొట్టినవాడికి మా వైపు పెళ్ళి పందిట్లో కుర్చీ వెయ్యరు. కిడ్నీ పోయింది, మాట కూడా పోవాలా అన్నాడు. వెళ్ళి సరేనని వచ్చాడు.

అప్పుడు నేను జాలరి మీద పడ్డాను. అందరూ చూస్తున్నారని కూడా చూడలేదు. ముసలాణ్ణి చీకట్లో ఎలుగుల మధ్య నడిపిస్తావా, నువ్వు మనిషివేనా అన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయను. అతను అంతా విన్నాడు.

"మూడేళ్ళయింది మావా, నాను ఇక్కడికి రాబట్టి," అన్నాడు. "ఎనిమిదింటికి దిగినాక మా ఊరికి బండి లేదు. మార్కెట్టు రేకుల కింద, ఆ ఐసు పెట్టెల పక్కనే తొంగుంటాను. పొద్దున్న చేపలాటోలు వచ్చి తిరిగెల్తే అందులో ఎల్తాను. నువ్వు ఆ దేశపోళ్ళు ఏ ఊళ్ళో ఏటి వాగేరో కూడా సదివేవు. రాత్తిరి నువ్వెక్కడుంతన్నావురా అని నన్ను ఒక్కపాలి అడిగేవేటి?"

అడగలేదు. మూడు నెలలు అతనికి వినబడేలా చదివాను. పెన్సిల్వేనియాలో ఏ జిల్లా ఎటు మొగ్గుతుందో నాకు తెలుసు. మూడడుగుల దూరంలో కూర్చున్నవాడు ఎక్కడ పడుకుంటాడో తెలియదు. నా కోపం తగ్గలేదు, కానీ దాన్ని అతని మీద ఉంచడానికి చోటు లేకపోయింది. ఇద్దరు రోగులు ఒక పొద్దుటిపూట కోసం ఎక్కడో అమెరికా మీద పందెం కాసుకోవాలా? నలుగురికి చాలినన్ని మిషన్లు పెట్టలేనివాణ్ణి, సాయంత్రం దిగినవాళ్ళని ఇల్లు చేర్చే బండి ఒక్కటి వెయ్యలేనివాణ్ణి ఎవడూ పందెంలో ఓడించలేడు. వాడు పందెంలోనే ఉండడు. ఓడేది ఎప్పుడూ బల్లమీద కూర్చున్నవాళ్ళే.

ఇంటికొచ్చి, ఆ పాత పేపరు వెతికి తీశాను. పెద్ద అక్షరాల కింద చిన్న అక్షరాలున్నాయి. నేను మెల్లిగా చదువుతాను కాబట్టి సగంలో ఆపేసిన వార్త అది. చివరి నాలుగు లైన్లు ఆరోజు చదవలేదు. తేడా చాలా తక్కువ, ఎవరైనా గెలవచ్చు, సర్వేలు ఇదివరకు తప్పాయి అని రాసి ఉంది. పేపరు అబద్ధమాడలేదు. నేనే బస్సు బోర్డులాగా పైముక్క చూసి ఎక్కేశాను. బావకి చెప్పాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. పోనీలే బావా, అన్నాడు. అది ఇంకా మండింది.

సోమవారం నించి మూడో షిఫ్టు. హైవే దగ్గర మా ఊరి బండివాణ్ణి ఒకణ్ణి బతిమాలి పెట్టుకున్నాం. వాడు రాని రోజున నేను డబ్బా వాయించుకుంటూ ముందు నడుస్తాను, వెనక బావ. జాలరి ఇప్పుడు పదింటికల్లా తేలి, వెనక్కెళ్ళే చేపల ఆటో పట్టుకుని మధ్యాహ్నం ఇంట్లో అన్నం తింటున్నాడు. డయాలసిస్ రోజున వాళ్ళావిడ మూడేళ్ళ తరవాత వేడన్నం పెట్టిందట. ఆ మాట విని సంతోషించాలో, మా చెల్లెలు వీధి గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తోందని ఏడవాలో నాకు తెలియలేదు. నేను అర్జీ రాశాను, నా చేత్తో. సాయంత్రం షిఫ్టువాళ్ళకి బండి కావాలని. గదిలో ఉన్నవాళ్ళందరూ సంతకాలో వేలిముద్రలో పెట్టారు, జాలరి కూడా. తీసుకున్నాయన చూస్తాం అన్నాడు. చూస్తున్నారు ఇంకా.

మొన్నొకరోజు మందులు రాసే డాక్టరు పొద్దున్నే దొరుకుతాడని మేం పదింటికే చేరాం. నేను మందుల చీటీ కోసం లోపలికెళ్ళి వచ్చేసరికి, బల్లమీద వీళ్ళిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని నవ్వుకుంటున్నారు. కొత్త పందెమట. అమెరికాలో నాలుగేళ్ళకి మళ్ళీ వస్తాయి కదా ఎన్నికలు, ఈసారి బావ గెలిస్తే షిఫ్టు తిరిగి ఆయనది. రంగు మాత్రం నీలమే, మార్చనన్నాడు. మధ్యలో నన్ను కాగితం రాయమన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగేళ్ళు అన్నమాట ఆ గదిలో ఎవరైనా అంటారా? అక్కడ సోమవారం అంటారు, బుధవారం అంటారు. ఈలోగా మీ ఇద్దరిలో ఒకడు పోతే ఈ కాగితం ఏం చేసుకోవాలి అని అడిగేశాను. అడిగాక నాలిక కరుచుకున్నాను.

జాలరి మాత్రం తాపీగా అన్నాడు.

"పోతే మాట తప్పినట్టే మావా. ఆడికి పందిట్లో కుర్చీ ఎయ్యకూడదు."

బావ తలూపాడు, అదే న్యాయం అన్నట్టు.

తిట్టుకుంటూనే రాశాను. ఇద్దరి పేర్లూ, రెండు రంగులూ, నాలుగేళ్ళ గడువూ. బావ వేలిముద్ర వేశాడు, అతను సంతకం చేశాడు. సాక్షిగా నా పేరు పెట్టమన్నారు. నాకిప్పుడే డెబ్బై రెండు, అప్పటిదాకా మీకోసం నేనెక్కడ కూర్చోను, మీ వెధవ పందేలకి నన్ను లాగకండి అని కసిరాను. పెట్టేదాకా చెయ్యి వదల్లేదు.