విప్పని కవరు కోసం వాదించిన ప్రభుదాసు గారు

గురువారం ఉదయం ఇందిరాపురం నుంచి మా సార్ భార్య శాంతమ్మ గారు ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ సార్ మనకిక లేరే" అన్నారు. న్యాయవాది ప్రభుదాసు గారు కోర్టుకు బయలుదేరబోతూ గుమ్మంలోనే కుప్పకూలారట. ఏడేళ్లు ఆయన వద్ద జూనియర్‌గా ఉన్న నాకు ఆ వార్త ఈనాటికీ మనసున ఇమడడం లేదు.

నిలకడ ఎరుగని మనిషి. ఫైలు చేతబట్టి పచార్లు చేస్తూనే చదివేవారు, "జల్దీ భయ్యా!" అని టైపిస్టు వెనకే నిలబడేవారు.

సలోమి కేసులో ఆ అశాంతి పరాకాష్ఠకు చేరింది. కాకినాడ వైపు నుంచి విదేశానికి వెళ్లిన నర్సు ఆమె. అక్కడ ఆమె చూసుకుంటున్న ఒక రోగి మరణించారు. సెలవుపై వచ్చి ఆర్.కె. పురంలో అక్క ఇంట్లో ఉండగా, ఆ దేశం నేరం ఆమెపై మోపి, అప్పగించమని కోరింది. మేజిస్ట్రేటు విచారణ ముగిసింది. ప్రభుత్వం అప్పగింతకు ఉత్తర్వు ఇచ్చింది. అక్కడ మాటలు అనువదించి చెప్పే దుబాసీ లేకుండా, చదవలేని భాషలో తనచేత వాంగ్మూలంపై సంతకం పెట్టించారని ఆమె ముందే ప్రభుత్వానికి రాసుకుంది. ఉత్తర్వులో ఆ ఊసే లేదు.

హైకోర్టులో రిట్ వేశాం. విమానం ఎక్కించేస్తారేమోనని, స్టే వచ్చేదాకా సార్ అన్నం ముట్టలేదు.

"ఆమె నిర్దోషి అని చెబుదామా సార్?" అన్నాను.

"అది అక్కడి కోర్టు తేల్చాలమ్మా. పంపే ముందు ఆమె గోడు విన్నారా లేదా, మనం అడగాల్సింది అదొక్కటే."

అన్నీ పరిశీలించామన్నారు ప్రభుత్వ న్యాయవాది. న్యాయమూర్తి అసలు ఫైలు తెప్పించారు. సలోమి వినతిపత్రం అంటించిన కవరులో అలాగే ఉంది; ఎవరూ విప్పలేదు. ఉత్తర్వు రద్దయింది. మళ్లీ పరిశీలించమని కోర్టు ఆదేశించింది.

ఈసారి ప్రభుత్వం చదివింది. దుబాసీని ఇస్తామని ఆ దేశం చేత లిఖితపూర్వకంగా ఒప్పించి, మళ్లీ అప్పగించాలనే నిర్ణయించింది. నేను రెండో రిట్‌కు సిద్ధపడ్డాను.

సలోమి వద్దంది. "ఎల్తాను సార్. ఈసారి నా మాట ఇన్నారు కదండీ."

ఆమె వెళ్లాక సార్‌కు కుదురు లేదు. "చట్టం నెగ్గింది. పిల్ల మాత్రం వెళ్లిపోయింది" అనేవారు. అక్కడ ఆమెకు బెయిలు దొరికేదాకా ఆ దేశపు వకీలుకు రోజూ ఫోన్ చేశారు.

అంత్యక్రియలైన మర్నాడు ఆఫీసుకు సలోమి ఫోన్ చేసింది. "మేడమ్, వచ్చే వారం కోర్టులో నేను చెప్పుకోవాలి. ఎలా చెప్పాలో సార్‌ని ఒక్కసారి అడుగుతానండీ."

చెప్పలేక చెప్పాను. ఆమె చాలాసేపు ఏడ్చింది. ఆ తరువాత కాగితం తీసుకుని, ఆమె కోర్టులో చెప్పుకోవాల్సింది మేమిద్దరం మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాం. గురుదేవా, మీరు లేకుండా నేను విన్న తొలి గోడు అది.